గైడు ఎప్పుడు కావాలి, ఎప్పుడు తప్పుకోవాలి

(జబ్బు వల్లనో గాయం వల్లనో రోజువారీ పనులు చేసుకోలేనివారిని మళ్ళీ ఆ పనులకు సిద్ధం చేసే విద్య ఆక్యుపేషనల్ థెరపీ. విజయవాడలో ఆ రంగపు అధ్యాపకులు, పరిశోధక విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

నాకు ఇచ్చిన అంశం డాక్టరేట్ ప్రాజెక్టులు చేసే ఆక్యుపేషనల్ థెరపీ విద్యార్థులకు గైడుగా ఉండటం. భోజనాలకు ముందు నన్ను నిలబెట్టారు. అందుకని చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. తర్వాత మీరు గడియారం చూసుకున్నా నాకు అభ్యంతరం లేదు.

మన గైడ్లు కష్టపడటం లేదని నేను అనను. కష్టపడవలసిన సమయం వదిలేసి వేరే సమయంలో కష్టపడుతున్నారని అంటాను. విద్యార్థి కొత్తగా చేరి, ఏం అడగాలో తెలియక తడబడుతున్నప్పుడు ‘ఏదైనా మంచి టాపిక్ చూసుకుని రామ్మా’ అని పంపించేస్తాం. ఆ తర్వాత రెండేళ్ళు కారిడార్లో నమస్కారాలు. మూడో ఏడు థీసిస్ కట్ట బల్ల మీద పడగానే మనకు ఒక్కసారిగా బాధ్యత గుర్తొస్తుంది. ఎర్ర పెన్ను తీస్తాం. వాక్యాలు మారుస్తాం, అధ్యాయాలు కొట్టేస్తాం, అర్ధరాత్రి ఫోన్లు చేస్తాం. చివరికి ఆ పుస్తకంలో భాష మనది, భయం విద్యార్థిది. ప్రశ్న మాత్రం ఎవరిదీ కాదు. ఈ వరుసను తిరగేయాలని నా వాదన. మొదటి ఆరు నెలలు గైడు మీద ఎక్కువ భారం పడాలి, చివరి ఆరు నెలలు తక్కువ పడాలి.

ఇది అన్ని శాస్త్రాలకూ వర్తించే మాటే కదా అని మీరు అనవచ్చు. వర్తిస్తుంది. కానీ మన రంగానికి మరింత గట్టిగా వర్తిస్తుంది. దానికి కారణం మన పుట్టుకలోనే ఉంది. 1917లో అమెరికాలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్ అనే ఊళ్ళో ఈ వృత్తి కోసం తొలి సంఘం పెట్టినవాళ్ళు ఎవరో ఒకసారి చూడండి. జార్జ్ బార్టన్ ఒక ఆర్కిటెక్ట్. క్షయ వచ్చింది, పాదం పోయింది, ఎడమవైపు పక్షవాతం వచ్చింది. తన కోలుకోవడాన్నే ఆయన అధ్యయనంగా మార్చుకున్నాడు. ఎలియనార్ క్లార్క్ స్లాగల్ సామాజిక సేవారంగం నుంచి వచ్చింది. విలియం రష్ డంటన్ మానసిక వైద్యుడు. సుసాన్ జాన్సన్ చేతిపనులు నేర్పే టీచరు. వాళ్ళందరూ మనుషులు రోజంతా ఏం చేస్తారు, అది చేయలేకపోతే ఏమవుతారు అని చూస్తూ చూస్తూ ఈ విద్యకు వచ్చినవాళ్ళు. మన దేశంలో కమలా నింబ్కర్ 1950లో ముంబై కేఈఎం ఆసుపత్రిలో మొదలుపెట్టినప్పుడూ దారి అదే. 1952లో అఖిల భారత సంఘం ఏర్పడింది. అదే ఏడు ప్రపంచ సమాఖ్యను స్థాపించిన పది దేశాలలో మనమూ ఉన్నాం. అంత పాత చరిత్ర ఉండి కూడా ఇవాళ మన విద్యార్థి తన ప్రశ్నను గూగుల్ స్కాలర్‌లో వెతుక్కుంటున్నాడు. వార్డులో వెతకడం లేదు, వీధిలో అసలే వెతకడం లేదు.

ఒక ఉదాహరణ కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే నా మాటంతా దీని మీదే నిలబడింది.

ఒక విద్యార్థిని సినాప్సిస్, అంటే పరిశోధన ప్రతిపాదన, పట్టుకుని వచ్చింది. శీర్షిక చేనేత కార్మికులలో భుజం నొప్పి మీద ఎర్గోనామిక్ మార్పుల (అంటే కూర్చునే తీరులో, పనిముట్ల అమరికలో మార్పుల) ప్రభావం. చూడటానికి నిక్షేపంగా ఉంది. ఏ కమిటీ అయినా సంతకం పెడుతుంది. మంగళగిరి పక్కనే ఉంది, గుంట మగ్గాలు ఉన్నాయి, నొప్పి ఉంది, కీళ్ళ కదలికను కొలవడానికి గోనియోమీటర్ ఉంది. నేను ఒక్కటే అడిగాను: ‘మగ్గం ముందు ఎంతసేపు కూర్చున్నావమ్మా?’ ఒక్కసారి వెళ్ళానని, ఫోటోలు తీసుకుని వచ్చానని చెప్పింది. అయితే గోనియోమీటర్ ఇక్కడ పెట్టేసి వెళ్ళు, కాగితం కూడా వద్దు, కొన్నాళ్ళు ఊరికే కూర్చుని రా అన్నాను. ఆ అమ్మాయి నన్ను చూసిన చూపు మీరు ఊహించుకోవచ్చు.

కూర్చుంది. నేతగాడు కాళ్ళు గుంటలో పెట్టి తొక్కుడు కర్రలు తొక్కుతుంటాడు. ఒక చేత్తో నాడె ఆడించే తాడు లాగుతాడు, రెండో చేత్తో పేకను బిగించే చట్రం ముందుకు కొడతాడు. ఆయనకు నిజంగానే భుజం పట్టేసింది. చక్కెర వ్యాధి కూడా ఉంది. ఆ రెండూ జంటగా రావడం మనకు తెలియనిది కాదు. కానీ ఆయన చెప్పుకున్న బాధ నొప్పి గురించి కాదు. ‘నొప్పికేముందమ్మా, నిజాం అంచు దగ్గర చెయ్యి తడబడుతోంది. అంచు తేడా వస్తే మాస్టర్ వీవర్ కూలి కోస్తాడు’ అన్నాడు. మనం పెట్టుకున్న నొప్పి స్కేలు మీద ఈ మాటను ఎక్కడ గుర్తుపెడతాం?

అసలు సంగతి అక్కడ కూడా లేదు. రోజుల తరబడి కూర్చున్నాక ఆ అమ్మాయి కన్ను మగ్గం మీద నుంచి పక్కకు తిరిగింది. గోడవార కూర్చుని నేతగాడి భార్య మగ్గానికి కావలసిన నూలు కండెలు చుడుతోంది. వంట మధ్యలో కండెలు, పిల్లవాణ్ణి బడికి పంపే మధ్యలో కండెలు, మధ్యాహ్నం అందరూ నడుం వాల్చినప్పుడు కండెలు. మణికట్టు దగ్గర వాపు. అడిగితే ‘నేనేం నేస్తున్నానండీ, కూర్చుని చుట్టడమే కదా’ అంది. ఆమె దృష్టిలో తాను కార్మికురాలు కాదు. మన సినాప్సిస్ దృష్టిలోనూ కాదు, ఎందుకంటే అందులో ‘చేనేత కార్మికులు’ అంటే మగ్గం మీద కూర్చునేవారు అని నిర్వచించి పెట్టుకున్నాం.

ఆ అమ్మాయి తిరిగి వచ్చి, కండెలు చుట్టే ఆడవాళ్ళు రోజులో ఏ పని కోసం ఏ పనిని వదులుకుంటున్నారో తెలుసుకుంటానంది. నిద్రనా, తిండినా, పొరుగింటికి వెళ్ళి నాలుగు మాటలు మాట్లాడుకోవడాన్నా? చూశారా, ఇది ఆక్యుపేషనల్ థెరపీ ప్రశ్న. మొదటిది ఫిజియోథెరపీ వాళ్ళూ అడగవచ్చు, ఇంజనీర్లూ అడగవచ్చు, నాకేం అభ్యంతరం లేదు. రెండోది మనం అడగకపోతే ఎవరూ అడగరు.

ఈ దశలో గైడుకు ఒక పెద్ద ప్రలోభం ఎదురవుతుంది. ప్రశ్న బాగుంది, దీనికి రెండు గ్రూపులు పెట్టి ఒక చికిత్సా జోక్యం జోడిద్దాం, పత్రిక వాళ్ళు వెంటనే తీసుకుంటారు అనిపిస్తుంది. అలా జోడిస్తే ఆ ప్రశ్న మళ్ళీ మొదటి శీర్షిక దగ్గరకే చేరుతుంది. ఆ ఆడవాళ్ళ రోజు ఎలా గడుస్తోందో తెలియకుండా ఏ జోక్యం చేస్తాం? ముందు తెలుసుకోవడమే డాక్టరేట్ స్థాయి పని అని ఒప్పుకోవడానికి గైడుకు కొంత ధైర్యం కావాలి. కమిటీ ముందు ఆ ప్రశ్న తరఫున నిలబడవలసింది అప్పుడే, వైవా రోజున కాదు.

ప్రశ్నలకు మన దగ్గర కరువు లేదు. గుంటూరు మిర్చి యార్డులో తొడిమలు తీసే ఆడవాళ్ళ వేళ్ళు ఉన్నాయి, మండే ఆ చేతులతోనే ఇంటికి వెళ్ళి చంటిపిల్లను ఎత్తుకునే తల్లులు ఉన్నారు. ఆటోనగర్లో రెండు వేళ్ళు పోయిన లారీ బాడీ మేస్త్రి మళ్ళీ సుత్తి పట్టాడా, లేక వాచ్‌మన్‌గా కుదిరాడా అని ఎవరు వెళ్ళి చూశారు? వీటిలో దేనికైనా మన కాలేజీ నుంచి గంటలో వెళ్ళవచ్చు.

ఇక కొలతల సంగతి. ఇక్కడ కూడా గైడు అవసరం ముందే ఉంది. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయిన ఒక మధ్యవయసు స్త్రీని తీసుకోండి. మన దగ్గర చికిత్స పొందింది, ఎడమచేత్తో స్పూను పట్టుకుని తినడం నేర్చుకుంది. రోజువారీ పనులు ఎవరికి వారు ఎంతవరకు చేసుకోగలరో కొలిచే బార్తెల్ ఇండెక్స్‌లో తిండికి పది మార్కులు ఉంటాయి. ఎవరి సాయం లేకుండా, తగిన సమయంలో తింటే పదికి పది. ఏ చెయ్యి అని ఆ స్కేలు అడగదు. ఫైలులో మన పేషెంటు స్వతంత్రురాలు. ఇంట్లో? చెల్లెలి కూతురి పెళ్ళికి వెళ్ళింది, బంతిలో కూర్చోలేదు. ఆకలి లేదని చెప్పి అందరూ తిన్నాక లోపల గదిలో తింది. ఎడమచేత్తో నలుగురిలో తినడం ఆమెకు సాధ్యం కాని పని. అది కండరానికి సంబంధించిన అసాధ్యం కాదు.

కెనడా వాళ్ళు 1991లో ప్రచురించిన సీఓపీఎం అనే పద్ధతి మీకందరికీ తెలుసు. పేషెంటే తనకు ముఖ్యమైన పనులు చెబుతుంది. ఒక్కొక్క పనికి తాను ఎలా చేస్తున్నదో పదికి ఒక అంకె ఇస్తుంది, ఎంత తృప్తిగా ఉందో మరో అంకె ఇస్తుంది. ఆ స్త్రీ తినడం అన్న పనికి చేయడంలో ఆరో ఏడో ఇచ్చి, తృప్తికి ఒకటి ఇచ్చిందనుకోండి. డేటా చూసుకుంటున్న విద్యార్థి ఏమంటాడు? ‘మేడమ్, ఈ పేషెంటు మిగతావాళ్ళలా లేదు, తీసేద్దామా?’ అంటాడు. గైడు సరిగ్గా అప్పుడు ఆ గదిలో ఉండాలి. తీసేద్దామా అన్న ఆ అంకెలోనే ఒక అధ్యాయం ఉంది. మూడేళ్ళ తర్వాత ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చునే గైడుకు ఆ అంకె ఇక కనిపించదు. అప్పటికది సగటులో కలిసిపోయి ఉంటుంది.

విదేశీ స్కేలును తెలుగులోకి తెచ్చుకునే పని గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. హక్కుదారుల అనుమతి, అటు అనువాదం, ఇటు తిరుగు అనువాదం, మామూలు మనుషుల మీద పరీక్ష, ఇవన్నీ కలిస్తే నెలలు పడుతుంది. ఇది పక్కపని కాదు, ఒక్కోసారి అదే మొత్తం ప్రాజెక్టు. కాలపట్టికలో దానికి రెండు వారాలు రాసిన సినాప్సిస్ మీద గైడు సంతకం పెట్టకూడదు.

ఇప్పుడు అందరూ అడిగే విషయానికి వస్తాను. ఈ హాల్లో ఉన్న సగం మంది పిల్లలకు అమెరికాలో అన్నో అక్కో ఉంటారు. అక్కడ ఓటీడీ అనే ఆక్యుపేషనల్ థెరపీ డాక్టరేట్ ఉందిగా, మనం ఇక్కడ పీహెచ్‌డీ పేరుతో ఏళ్ళకు ఏళ్ళు ఎందుకు చేస్తున్నాం అని అడుగుతారు. రెండూ వేరు. పీహెచ్‌డీ పరిశోధకుణ్ణి తయారుచేయడానికి, వృత్తిలో కొత్తగా అడుగుపెట్టేవారి కోసమైన ఓటీడీ థెరపిస్టును తయారుచేయడానికి. అక్కడ గుర్తింపు సంస్థ ఏకోట్ నిబంధనల ప్రకారం ఓటీడీ విద్యార్థి కోర్సులూ, 24 వారాల రెండో స్థాయి ఫీల్డ్‌వర్కూ పూర్తిచేశాక, చివర 14 వారాలు అంటే 560 గంటలు ఒక ప్రత్యేక ప్రాజెక్టు మీద పనిచేయాలి. దాన్ని క్యాప్‌స్టోన్ అంటారు. 2017లో ఆ సంస్థ 2027 నాటికి వృత్తిలోకి ప్రవేశ అర్హత డాక్టరేటే కావాలని ప్రకటించింది. పెద్ద గొడవ జరిగింది, ఆ నిర్ణయం ఆగిపోయింది. మాస్టర్స్, డాక్టరేట్ రెండు దారులూ ఇవాళ్టికీ తెరిచే ఉన్నాయి. కాబట్టి ఏజెంట్లు చెప్పే మాటలు విని కంగారుపడకండి.

మన పీహెచ్‌డీకి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022 నిబంధనలు కనీసం మూడేళ్ళు, గరిష్ఠం ఆరేళ్ళు అంటున్నాయి. పధ్నాలుగు వారాల పనినీ ఆరేళ్ళ పనినీ పక్కపక్కన పెట్టి పోల్చడం అన్యాయం. కానీ ఆ క్యాప్‌స్టోన్ నుంచి మనం తెచ్చుకోవలసినవి ఉన్నాయి. మొదటిది, పని మొదలుపెట్టకముందే అక్కడి అవసరం ఏమిటో విద్యార్థి అంచనా వేసి రాయాలి. రెండోది, కాలేజీ, విద్యార్థి, పనిచేసే చోటు ఈ మూడింటి మధ్య ఎవరు ఏం చేస్తారో రాతపూర్వకంగా ఉంటుంది. మూడోది నాకు అన్నిటికంటే నచ్చింది. పని జరిగే చోట ఆ విషయంలో అనుభవం ఉన్న ఒక మార్గదర్శి ఉండాలి. ఆ మనిషి కాలేజీ అధ్యాపకుడు కానక్కరలేదు.

మనకు ఇది ఎంత అవసరమో ఆలోచించండి. మన రంగంలో పీహెచ్‌డీ ఉన్న గైడ్లు తక్కువ. ఉన్న ఒక్కరికి చేతి గాయాల మీద నైపుణ్యం ఉంటుంది, విద్యార్థి ఆటిజం ఉన్న పిల్లలతో పనిచేయాలనుకుంటుంది. అప్పుడు ఏం చేస్తాం? విద్యార్థిని చేతి గాయాల వైపు తిప్పుతాం. అలా తిప్పడానికి బదులు ఆ విద్యార్థిని ఒక భవిత కేంద్రానికి పంపండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వ విద్యాశాఖ నడిపే ఆ కేంద్రాల్లో ఏళ్ళుగా పనిచేస్తున్న టీచరమ్మకు డాక్టరేట్ ఉండదు. కానీ ఏ పిల్లవాడు ఏ శబ్దానికి చెవులు మూసుకుంటాడో, ఏ తల్లి ఆటో ఖర్చు లేక వారం మధ్యలో రాదో ఆమెకు తెలుసు. ఆమెను మార్గదర్శిగా రాసుకోండి. పద్ధతి మీరు నేర్పండి, పిల్లల సంగతి ఆమె నేర్పుతుంది.

అక్కడికి విద్యార్థిని పంపే ముందు గైడు వేయవలసిన ప్రశ్న ఒకటుంది: నువ్వు వచ్చేశాక అక్కడ ఏం మిగులుతుంది? చాలా ప్రాజెక్టుల తర్వాత మిగిలేది ఒక బ్యానరు. రంగురంగుల చార్టులు కొన్నాళ్ళు గోడకు ఉంటాయి, ఆ తర్వాత టేపు ఊడిపోతుంది. అలా కాకుండా ఆ టీచరమ్మ తనంతట తాను వాడుకోగల ఒక పద్ధతి, మామూలు ఖర్చుతో అక్కడే దొరికే సామానుతో మిగలాలి. విద్యార్థి వెళ్ళిపోయిన కొన్ని నెలలకు మళ్ళీ వెళ్ళి అది ఇంకా వాడుతున్నారా లేదా అని చూసి రాయడం ప్రాజెక్టులో భాగం చేయండి. వాడటం లేదని తేలినా పర్వాలేదు. ఎందుకు మానేశారో రాస్తే అది తర్వాతి విద్యార్థికి పనికొస్తుంది.

ఎథిక్స్ కమిటీ దగ్గర జరిగే పని గురించి మనవాళ్ళకు ఒక అపోహ ఉంది, అదొక స్టాంపు అని. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017లో ఇచ్చిన నైతిక మార్గదర్శకాలు విద్యార్థి చేత చదివించండి. మీరు పక్కన కూర్చుని చదివించండి. మన సమస్య ప్రత్యేకమైనది. మన విద్యార్థే థెరపిస్టు, మన విద్యార్థే పరిశోధకుడు. గుంటూరు పెద్దాసుపత్రి ఓపీలో తెల్లవారకముందే వచ్చి కూర్చున్న మనిషి ‘నేను మీ పరిశోధనలో చేరను’ అని అనగలడా? అంటే చికిత్స ఆగిపోతుందేమో అని అనుకోడా? చదవడం రాని వ్యక్తి అయితే నిష్పక్షపాతమైన సాక్షి ఉండాలని నియమం. మన దగ్గర సాక్షిగా ఎవరు సంతకం పెడుతున్నారు? తోటి విద్యార్థి. ఇది మారాలి. చికిత్స చేసే మనిషి కాకుండా వేరే మనిషి సమ్మతి అడిగే ఏర్పాటు చేయడం కష్టం కాదు, గైడు పట్టుబట్టాలి అంతే. అలాగే క్లినికల్ ట్రయల్ అయితే మొదటి పేషెంటును చేర్చుకోకముందే సీటీఆర్ఐలో, అంటే క్లినికల్ ట్రయల్స్ జాతీయ రిజిస్ట్రీలో, నమోదు చేయించండి. పత్రికకు పంపే రోజున గుర్తొచ్చి తలపట్టుకున్నవాళ్ళను చాలామందిని చూశాను.

గణాంకాల దగ్గర ఎక్కువసేపు ఆగను. ‘ముప్పై మంది చాలా సార్?’ అన్న ప్రశ్న వినని గైడు ఉండడు. ముప్పై అన్నది ఎక్కడి నుంచో వచ్చి మన నోళ్ళలో స్థిరపడిపోయింది. ఎంత మార్పు ఆశిస్తున్నావు, ఆ మార్పులో మనిషికి మనిషికి తేడా ఎంత, అన్న రెండూ చెబితే గానీ ఎంతమంది కావాలో లెక్క రాదు. నలుగురైదుగురు వ్యక్తులను ఒక్కొక్కరినీ నెలల తరబడి పదే పదే కొలుస్తూ చేసే ఏకవ్యక్తి అధ్యయనాలు మన రంగానికి చక్కగా సరిపోతాయి. కమిటీలో ఎవరైనా ముఖం చిట్లిస్తే గైడు సమాధానం చెప్పాలి. ఇక జిరాక్స్ షాపుల పక్కన ‘థీసిస్ వర్క్ చేయబడును, స్టాటిస్టిక్స్ చేయబడును’ అన్న బోర్డుల సంగతి మీకు తెలుసు. నాకు ఆ షాపువాడి మీద కోపం లేదు. గైడు కనిపించని చోటే అతనికి గిరాకీ. (నవ్వులు)

ఇప్పుడు గైడుకూ విద్యార్థికీ మధ్య ఉండే ఆ వింత సంబంధం గురించి మాట్లాడతాను. మన దగ్గర విద్యార్థి గైడుకు ‘కాదు’ అని చెప్పలేడు. మనం చెప్పింది తప్పని తెలిసినా ‘సరే మేడమ్’ అంటాడు. ఇది గౌరవం అనుకుని మనం సంతోషిస్తాం. పరిశోధనకు ఇంతకంటే ప్రమాదం ఇంకొకటి లేదు. ఇంట్లో పెద్దవాళ్ళకు ఎదురు చెప్పకుండా పెరిగిన పిల్లలు ఒక్కసారిగా ప్రశ్నించడం మొదలుపెట్టరు. వాళ్ళకు ఆ అలవాటు మనమే చేయాలి. నేను చేసే పని ఒకటి చెబుతాను. ప్రతి సమావేశం చివర విద్యార్థి ఒక పేజీ రాస్తుంది. అందులో ఏం మాట్లాడుకున్నాం, ఏం నిర్ణయించుకున్నాం అన్నవాటితో పాటు ‘గైడు చెప్పిన దేనితో నేను ఏకీభవించడం లేదు’ అన్న గడి ఉంటుంది. దాన్ని ఖాళీగా వదలకూడదు. మొదట్లో ‘టీ చల్లగా ఉంది’ లాంటివి రాస్తారు. పర్వాలేదు. కొన్నాళ్ళకు అసలైనవి రాస్తారు.

రాతప్రతులు చదివేటప్పుడు వాక్యాలు దిద్దకండి. ఇది మనకు చాలా కష్టం, ముఖ్యంగా భాష మీద ప్రేమ ఉన్నవాళ్ళకు. పక్కన ప్రశ్న రాయండి: ఈ మాట ఎవరన్నారు? ఇది నువ్వు చూశావా, చదివావా? ఈ పేరా తీసేస్తే ఏం పోతుంది? మీరు వాక్యం దిద్దితే విద్యార్థి దాన్ని అలాగే ఎక్కించేసుకుంటాడు, తన తలలో ఏ మార్పూ ఉండదు. ప్రశ్న రాస్తే రెండు రోజులు తిట్టుకుని మూడో రోజు తిరగరాస్తాడు. చివరి ఆరు నెలల్లో మీ చేతి పని అంతకు మించి ఉండకూడదు.

యూజీసీ నిబంధనలు కూడా దీనికి సాయం చేస్తాయి, వాడుకుంటే. ఒక ప్రొఫెసర్ దగ్గర ఒకే సమయంలో ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురు మించకూడదు. పదవీ విరమణకు మూడేళ్ళ లోపు ఉన్నవారు కొత్త విద్యార్థులను తీసుకోకూడదు. ప్రతి సెమిస్టర్‌కూ ఒకసారి విద్యార్థి పరిశోధన సలహా కమిటీ ముందు తన పురోగతి చెప్పాలి. ఆ సమావేశాన్ని టీ, బిస్కెట్ల సమావేశంగా మార్చింది మనమే. ఆడపిల్లలకు రెండేళ్ళు అదనపు గడువు ఉంది, ప్రసూతికి, పిల్లల సంరక్షణకు 240 రోజుల వరకు సెలవు ఉంది. ఇవి విద్యార్థినికి ఎవరు చెబుతారు? మన విద్యార్థుల్లో ఆడపిల్లలే ఎక్కువ. పెళ్ళి కుదరగానే ‘అయితే మానేస్తావా?’ అని అడిగే గైడ్లు ఉన్నారు. అలా అడగడం అంటే మానేయమని చెప్పడమే. గడువు ఎంత ఉందో, సెలవు ఎలా పెట్టుకోవాలో కాగితం మీద రాసి చేతికివ్వండి. అత్తవారింట్లో చూపించుకోవడానికి కూడా ఆ కాగితం పనికొస్తుంది.

అదే నిబంధనల్లో మరో మంచి మాట ఉంది. పీహెచ్‌డీ విద్యార్థులు బోధనలో శిక్షణ పొందాలి, వారానికి నాలుగు నుంచి ఆరు గంటలు వాళ్ళకు ట్యుటోరియల్ పనులు అప్పగించవచ్చు అంది. మన దగ్గర దీని అర్థం సెలవులో ఉన్న మేడమ్ క్లాసు తీసుకోవడం. వాళ్ళకు బీఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ డిగ్రీ) చివరి ఏడాది ప్రాజెక్టు ఒకటి అప్పగించి, చిన్న గైడుగా ఉండనివ్వండి. విద్యార్థి ప్రశ్నను మనం లాగేసుకుంటే వాళ్ళు నేర్చుకునేది అదే, రేపు వాళ్ళ పిల్లల దగ్గర అదే చేస్తారు.

పత్రం మీద పేర్ల గురించి చెప్పకుండా దిగితే మీరు ఊరుకోరు. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం రచయిత అనిపించుకోవడానికి నాలుగు షరతులు పెట్టింది. ఆలోచనలోగానీ, పనిలోగానీ, విశ్లేషణలోగానీ గణనీయమైన పాత్ర ఉండాలి. రాయడంలోనో, కీలకంగా సవరించడంలోనో భాగం ఉండాలి. తుదిప్రతిని ఆమోదించాలి. మొత్తం పనికి జవాబుదారీ వహించాలి. నాలుగూ ఉండాలి, ఏదో ఒకటి కాదు. విభాగాధిపతి కాబట్టి, పేషెంట్లను పంపారు కాబట్టి, పెద్దవారు కాబట్టి అన్నవి ఆ జాబితాలో లేవు. విద్యార్థి థీసిస్ నుంచి వచ్చిన పత్రంలో మొదటి పేరు విద్యార్థిదే ఉండాలి. ఈ విషయం మొదటి నెలలోనే రాసి పెట్టుకోండి. చివర్లో మాట్లాడుకుందాం అనుకుంటే చివర్లో మాటలు ఉండవు, మొహమాటాలే ఉంటాయి.

నేను ఇక్కడితో ఆపుతాను. ప్రశ్నలు అడగండి. ముందు విద్యార్థులు.

(ఒక విద్యార్థిని: మా గైడు ఫిజియాలజీ విభాగం వారు. చాలా మంచివారు, కానీ ఆక్యుపేషనల్ థెరపీ గురించి వారికి పెద్దగా తెలియదు. ఏం చేయాలి?)

మంచి ప్రశ్న. ఈ ఇబ్బంది మీ ఒక్కరిదే కాదు. ముందుగా, వారి దగ్గర ఏం దొరుకుతుందో అది పూర్తిగా తీసుకోండి. కొలవడంలో క్రమశిక్షణ, ల్యాబ్ పద్ధతి, రాతలో పొదుపు, ఇవి ఫిజియాలజీ వాళ్ళ దగ్గర మనకంటే ఎక్కువే ఉంటాయి. కానీ ప్రశ్నను మాత్రం వారి దగ్గర తీసుకోవద్దు. తీసుకుంటే మీ చేత కండరాల విద్యుత్ సంకేతాలు కొలిపిస్తారు, మీ పేషెంటు ఇంట్లో అన్నం ఎలా తింటోందో ఎవరికీ తెలియకుండా పోతుంది. సహ పర్యవేక్షకులను పెట్టుకోవడానికి నిబంధనలు అనుమతిస్తున్నాయి. వేరే ఊళ్ళో ఉన్న ఆక్యుపేషనల్ థెరపీ ప్రొఫెసర్ అయినా సరే. ఆ దరఖాస్తు మీ గైడు చేతే పెట్టించండి, మీరు సొంతంగా పెట్టకండి. అలా అయితే వారికి చిన్నతనం అనిపించదు. అదీ కుదరకపోతే క్లినిక్‌లో మీకంటే అనుభవం ఉన్న ఒక థెరపిస్టును మార్గదర్శిగా ఉండమని అడగండి, ఆమె పేరు సలహా కమిటీ రికార్డులో చేర్పించండి. ఎన్ని రోజులకు ఒకసారి కలుస్తారో, ఎవరు ఏ అధ్యాయం చదువుతారో ముగ్గురూ కూర్చుని ఒక పేజీ రాసుకోండి. మీ గైడు ఇవాళ వచ్చారా? వచ్చారా, ఎక్కడ? అయితే భోజనాల దగ్గర మీ ఇద్దరూ నా పక్కన కూర్చోండి, ఆ పేజీ అక్కడే మొదలుపెడదాం.